అడుగు కోసిన బూటు

మా మేనమామ దర్జీ. కాలితో తొక్కే మిషన్ ముందు కూర్చుంటే ఆయనకి లోకం పట్టేది కాదు. లేచాడంటే మూడు చెంచాల చక్కెర వేసిన టీ పడాల్సిందే. షుగరు వ్యాధి వచ్చి ఏళ్లయినా ఆ టీ మారలేదు. రక్తపరీక్ష దగ్గరపడితే మాత్రం అంతటి బుద్ధిమంతుడు ఇంకొకడు ఉండడు. ఆ వారమంతా చక్కెర లేని టీ, వీధి చివరిదాకా నడక. పరీక్ష అయిందా, మళ్లీ మామూలే.

ఆ ఏడు డాక్టరమ్మ మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించింది.

"ఈ వారం బాగానే ఉన్నారు. అంతకుముందు సంగతేమిటండీ?"

"కొలతల్లో అటూ ఇటూ ఉంటుంది కదమ్మా," అన్నాడు మామయ్య.

ఆవిడ నవ్వలేదు. కాళ్ల రక్తనాళాలు సన్నబడ్డాయనీ, పాదాల్లో స్పర్శ పోతోందనీ, చిన్న గాయమైనా ముదిరితే పాదమే తీసేయాల్సి రావచ్చనీ చెప్పింది. షాపులో కూడా బూట్లు విప్పొద్దంది.

అరికాలు పెడల్‌కి తగలందే కుట్టు తిన్నగా పడదని మామయ్య నమ్మకం. అందుకని ఎవరికీ చెప్పకుండా కుడి బూటు అడుగున గుండ్రంగా కోసేసి, దారాలు లేవకుండా అంచు కూడా కుట్టేశాడు. పైనుంచి చూస్తే బూటే.

ఒక సాయంత్రం షాపుకొచ్చిన అత్తయ్య, ఆయన కుడుతుంటే కాళ్ల దగ్గరికి జారిన తెల్ల కర్టెన్ అంచు ఎత్తి చూసింది.

"ఈ ఎర్ర చుక్కలేమిటండీ? కొత్త డిజైనా?"

మామయ్య వేళ్లన్నీ వెతుక్కున్నాడు. అత్తయ్య ఆయన కాలెత్తింది. చిటికెనవేలి కింద గుండుసూది తలదాకా దిగి ఉంది.

"నొప్పి లేదూ?"

"లేదే!"

"మరి బూటుకి ఈ కిటికీ ఎవరు పెట్టారు?"

"గాలాడుతుందని..."

వేలు నల్లబడింది, ఆసుపత్రిలో తీసేశారు. పాదం దక్కుతుందో లేదో చాలా రోజులు చెప్పలేకపోయారు. అప్పుడు మామయ్య నిజంగానే బుద్ధిమంతుడయ్యాడు. చక్కెర అదుపులోకి వచ్చాక పుండు మెల్లగా ఎండింది.

"వేలొకటి తగ్గింది కదా, బూటు చిన్న సైజు తీసుకోనా డాక్టరమ్మా?" అని అడిగితే ఈసారి ఆవిడా నవ్వింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకునేది, వేళ్ల సందులు విడదీసి చూసేది.

"చక్కిలిగింతలే!"

"చాల్లెండి అబద్ధాలు. అక్కడ మీకేం తెలిసి ఏడిసింది గనక!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

కిందటేడు మామయ్య గుండెపోటుతో పోయాడు. పోయేనాటికి రెండు పాదాలూ ఆయనవి ఆయనకే ఉన్నాయి. పొద్దున్న ఆ వేళకి అత్తయ్య ఇప్పటికీ కళ్లజోడు తీసుకుంటుంది. కాసేపు అద్దాలు తుడుస్తుంది, మళ్లీ పెట్టెలో పెట్టేస్తుంది.