అతుకు కనబడని గొట్టం

షెడ్ల వీధిలో ఆయన్ని అందరూ అతుకుల మేస్త్రి అంటారు. ఆయన వెల్డింగు చేసి సానబట్టిన ఇనుములో అతుకెక్కడుందో చెప్పమంటే తలపండిన మెకానిక్కులు కూడా నీళ్లు నమిలేవారు. ఆ గర్వం ఆయనకు కాస్త ఎక్కువే. దాచుకునేవాడు కూడా కాదు.

అలాంటి మనిషి, సొంత కూతురు పని తెస్తే చేయనని మొండికేశాడు.

కూతురు సెలవు రోజుల్లో పందేల ట్రాక్ మీద కారు నడుపుతుంది. మలుపుల్లో పట్టు బాగుంటుందని పొట్టి స్ప్రింగులు వేసి కారును నేలకు దించింది. ఇప్పుడు ముందు చక్రాలను మోసే స్ట్రట్ గొట్టాలను కూడా కోసి, కురచ చేసి, మళ్లీ అతకమంటోంది. వాటిలో పట్టే పొట్టి షాకబ్సార్బర్లు ముందే తెచ్చిపెట్టుకుంది.

"రెండు వేళ్లు దించినదానికి గొట్టం కోస్తారటే ఎవరైనా? కడ్డీ పైన అడ్డుండే రబ్బరు కాస్త తరిగితే చాలు."

"కారు దిగింది గానీ గొట్టం పొడుగు అంతే ఉంది కదా. గుంటలో పడితే షాకబ్సార్బర్ కడ్డీ లోపలికి దిగడానికి చోటేదీ నాన్నా?"

"కోయడం ఎంతసేపు! అతుకు విడిపోతే? చక్రం ఊడి నీ ప్రాణం మీదికొస్తుంది."

మాట నిజమే, కానీ అసలు కారణం అది కాదు. కొన్ని నెలలుగా ఆయన కుడిచేయి వణుకుతోంది. ఇంట్లో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. టీ గ్లాసు పట్టుకోవాల్సి వస్తే కూతురికి వీపు తిప్పేవాడు. అతికే పనులు ఏదో వంకతో పక్క షెడ్డుకు పంపేస్తున్నాడు.

వాదన తెగక, చివరికి ఇద్దరూ ఆయన పాత పద్ధతే పట్టారు. షాకబ్సార్బర్ కడ్డీకి, గొట్టం అంచున, నూలుదారం బిగించి కట్టారు. కడ్డీ గొట్టంలోకి ఎంత దిగితే దారం అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది; పైనున్న రబ్బరు దాకా పోతే కూతురి మాటే నిజం. కారెక్కి వీధిలోని గుంటలన్నీ ఒక్కటీ వదలకుండా తిరిగొచ్చారు. దారి పొడుగునా మేస్త్రి పళ్లు టకటకలాడాయి. కూతురు నవ్వాపుకుంది.

షెడ్డుకొచ్చాక ఆమె లైటు కోసం లోపలికెళ్లింది. ఆయన చక్రం పక్కన కూర్చుని తడిమి చూశాడు. దారం రబ్బరు దాకా పోయి నలిగిపోయి ఉంది. వేలితో ఇంత కిందికి లాగితే చాలు, వాదన గెలిచినట్టే, పేరు నిలిచినట్టే. లాగబోయాడు కూడా. ఆ కారులో కూర్చునేది తన బిడ్డేనని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"కోయాల్సిందే," అన్నాడు ఆమె రాగానే. "నేను మాత్రం అతకలేనమ్మా. చెయ్యి వణుకుతోంది."

ఆమె ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "మరి ఎవరు అతుకుతారు?"

"ఇన్నేళ్లు నేర్పింది ఎవరికనుకున్నావ్?" అని తన వెల్డింగు మాస్కు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె వేసిన మొదటి అతుకులో సూదిబెజ్జమంత లోపం కనబడింది. మొత్తం అరగదీయించి మళ్లీ వేయించాడు. "నా ప్రాణం తోడేస్తున్నావ్," అని ఆమె విసుక్కున్నా వదల్లేదు. రెండోసారి సానబట్టాక కళ్లు మూసుకుని బొటనవేలితో గొట్టం చుట్టూ రాశాడు. అతుకు తగల్లేదు. సంతోషమూ కుళ్లూ రెండూ ఒకేసారి కలిగాయి.

టీ తెచ్చిన భార్య గొట్టాన్ని చూసి ఆగిపోయింది. "ఎంత నున్నగా ఉందో! ఎవరు అతికారు?"

ఆయన కూతురి ఎదుటే గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, "మేస్త్రి," అంటూ గడ్డంతో ఆమెను చూపించాడు.