ఇటు తిరగండమ్మా

మా టీచర్ గారి నంబరు నుంచి మెసేజ్ ఎప్పుడూ సాయంత్రమే వచ్చేది. "బయలుదేరారా అమ్మా? నీళ్ళ సీసా మర్చిపోకండి" అని. పోయిన నెలలో ఒకరోజు మాత్రం తెల్లవారకముందే వచ్చింది. రాసింది ఆవిడ కూతురు. "అమ్మ రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయింది."

చేపల మార్కెట్టుకు బయలుదేరిన మా అమ్మ అప్పటికి గడప దాటలేదు. చదివి వినిపించాను. "సరిగ్గా చూశావా? మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. అమ్మ గడప మీదే కూర్చుండిపోయింది.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. చల్లపల్లి దగ్గర పుట్టారు. మైలవరంలో బడిపిల్లలకు డ్రిల్లు నేర్పారు. రిటైరయ్యాక విజయవాడ వచ్చి, మా వీధి చివర అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆడవాళ్ళకు డాన్స్ ఫిట్‌నెస్ క్లాసు పెట్టారు. స్కూటర్లన్నీ ఒక పక్కకు జరిపితే అదే మా హాలు. పంజాబీ డ్రస్సు, తెల్ల బూట్లు, జడ చివర రబ్బరు బ్యాండు, చేతిలో చిన్న స్పీకరు. అంతే ఆవిడ సామగ్రి.

ఆవిడ మా అమ్మ దగ్గర బొమ్మిడాయిలు కొనేవారు. ఒకరోజు అమ్మ చేప శుభ్రం చేస్తుంటే అలాగే చూస్తూ నిలబడ్డారట.

"ఏమ్మా, నీ చేతిలో మంచి తాళం ఉంది. సాయంత్రం మా క్లాసుకి రారాదూ?"

"నాకెందుకండీ డాన్సులు? నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ళకి అదో ఎక్సర్‌సైజు."

షుగరుకు నడక మంచిదని డాక్టరు చెప్పినా వినని అమ్మ, ఆ మాటకు వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. కొత్త మాట దొరికితే రోజంతా చప్పరించే అలవాటు నాది. అక్కడ నాకు పండగే. మెరెంగే, కుంబియా, సాంబా, సోకా! అన్నీ దూరదేశాల ఆటపాటల పేర్లే. ఆవిడ ఏ పాటా ఊరికే పెట్టేవారు కాదు. "పాట పుట్టిన ఊరు అడిగి ఆడాలమ్మా. అడక్కుండా ఆడితే తలుపు కొట్టకుండా ఇంట్లోకి వెళ్ళినట్టుంటుంది" అనేవారు. సోకా పెట్టే ముందు, "ట్రినిడాడ్ అని ఒక దీవి. మన దేశం నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళ పిల్లలున్నారక్కడ. ఈ దరువులో మన ఢోలకు కూడా కలిసింది, చెవి పెట్టి వినండి" అన్నారు. చెరకు నరికేవాళ్ళను చిన్నప్పుడు చూసిన మనిషి కాబట్టి, ఆ నడుము వంపు కూడా చేసి చూపించారు.

ఆవిడ ఎప్పుడూ మాకు ఎదురుగా, అద్దంలో బొమ్మలా ఆడేవారు. మా కుడికాలు కదలాలంటే ఆవిడ ఎడమకాలు కదిపేవారు. అది ఎంతగా అలవాటైందంటే, ఆటో ఎక్కి "కుడికి తిప్పు నాయనా" అంటూ ఎడమచెయ్యి చూపించేవారు. "మామ్మగారూ, నోటిమాట వినమంటారా, చేతిమాట వినమంటారా?" అని ఆటోవాళ్ళు నవ్వేవారు. పాట హోరులో మాటలు వినపడవు కాబట్టి మాకన్నీ సైగలే. అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే, మళ్ళీ మొదటి నుంచి అని అర్థం. ఎన్నిసార్లు పెట్టుకున్నా ఆవిడ మొహంలో విసుగు చూడలేదు. "అడుగు తప్పితే తాళం దగ్గరికి వచ్చెయ్యండి. బస్సు తప్పిందని ఊరికి వెళ్ళడం మానేస్తామా?" అనేవారు. ఆ సైగ మా ఇంట్లోకీ వచ్చింది. వ్యాసం బాగా రాలేదని నేను కాగితం నలిపేస్తే, అమ్మ పొయ్యి దగ్గర నుంచే నెత్తిన చెయ్యి పెట్టుకునేది.

కానీ అమ్మ క్లాసులో ఎప్పుడూ చివరి వరసలో, మోటారు గది పక్కన స్తంభం వెనక నిలబడేది. మార్కెట్టు నుంచి వచ్చి తలకు పోసుకునేది, చందనం పౌడరు రాసుకునేది. అయినా, "ఒంటిమీద నీచువాసన పోదే. వాళ్ళకెందుకు ఇబ్బంది?" అనేది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మే ముందుగా అనేసుకుంది. పాటపాటకీ వరసలు మారమని టీచర్ గారు చెప్పినా, బూట్ల లేసు కట్టుకునే నెపంతో మళ్ళీ స్తంభం చాటుకు చేరేది.

ఒకరోజు టీచర్ గారు స్పీకరు చంకన పెట్టుకుని, మా మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, మోటారు గదికి వీపు ఆనించి నిలబడ్డారు.

"ఇటు తిరగండమ్మా."

అందరం వెనక్కి తిరిగాం. చివరి వరస మొదటి వరసైపోయింది. అమ్మ ఆవిడకు సరిగ్గా ఎదురుగా ఉంది. దాక్కోవడానికి స్తంభం కూడా లేదు, అది అమ్మ వీపు వెనక్కి పోయింది.

ముందు వరస వదలని బ్యాంకు ఆంటీ, "ఇదేం అన్యాయమండీ! నా చోటు పోయింది" అంది.

"నీ చోటెక్కడికి పోతుందమ్మా? నువ్వే ఉన్నావుగా దాని మీద" అన్నారు టీచర్ గారు. తరువాత అమ్మవైపు తిరిగి, "ఇప్పుడు పెట్టేది కుంబియా. కొలంబియాలో సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ ఊళ్ళలో పెరిగిన పాట. అసలు వరసల్లో ఆడేది కాదు. వాయించేవాళ్ళు మధ్యలో, ఆడవాళ్ళు చేతిలో కొవ్వొత్తులతో చుట్టూ. మన గొబ్బి తట్టినట్టే. ఒక కాలు కొంచెం ఈడ్చాలి. సంకెళ్ళు వేసిన బానిసల అడుగు అది అంటారు" అని చెప్పారు.

"మా కొల్లేటి బురదలో అందరం అలాగే నడుస్తామండీ" అంది అమ్మ. క్లాసులో అమ్మ గొంతు వినపడటం అదే మొదలు. ఆ రోజు నుంచి టీచర్ గారు ఒకరోజు అటు, ఒకరోజు ఇటు నిలబడేవారు.

ఆవిడ పోయాక అమ్మ తన డాన్సు బూట్లను కవరులో పెట్టి మేకుకు తగిలించింది. "నన్ను నిలబెట్టిన మనిషే లేరు. ఇంక వెళ్ళి ఎవరి ఎదురుగా నిలబడను?" అంది. నేను బతిమాలాను. వినలేదు. సాయంత్రాలు మళ్ళీ గోడకు చేరగిలబడి కూర్చోవడం మొదలుపెట్టింది.

మొన్న బ్యాంకు ఆంటీ మా ఇంటికి వచ్చింది. మేకుకున్న కవరు చూసింది. "వదినా, రేపు అందరం ఒక్కసారి కలుద్దాం. ఆవిడ స్పీకరు వాళ్ళమ్మాయి మనకే ఇచ్చింది. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను" అంది. మర్నాడు సాయంత్రం అమ్మే కవరు దించింది.

సెల్లారులో అందరం చేరాం. వరసల్లో నిలబడ్డాం. తీరా చూస్తే సగంమంది గేటు వైపు, సగంమంది మోటారు గది వైపు మొహం పెట్టుకుని ఉన్నాం. ఎటు ముందో ఎవరికీ తెలియలేదు. ఒకావిడ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఇంక అందరిదీ అదే పని.

"ఆ స్పీకరు మధ్యలో పెట్టండి" అంది అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుని. "చుట్టూ నిలబడదాం. టీచర్ గారు చెప్పారుగా, ఆ చేపల ఊరోళ్ళు ఎలా ఆడతారో."

కుంబియా మొదలైంది. ఎదురుగా ఆడి చూపించే మనిషి లేరు. బ్యాంకు ఆంటీ కుడికి, నేను ఎడమకి, భుజాలు గుద్దుకున్నాం. ఎవరి కాలు ఎవరు తొక్కుతున్నారో తెలియలేదు. దరువు మాత్రం సాగుతూనే ఉంది. అప్పుడు అమ్మ ఆగి, కొల్లేటి చేపలు కోసిన ఆ అరచేతిని మెల్లగా తన నెత్తిన పెట్టుకుంది.

ఒకరి తరువాత ఒకరం, అందరం నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాం, మధ్యలో ఆవిడ చిన్న స్పీకరు.