మంగళగిరి అంచు కేకు

నిన్న మధ్యాహ్నం మా ప్రయోగశాలలో ఎవరిదో పుట్టినరోజు. మిర్చి నమూనాల పొడి గాలిలో ఎప్పుడూ తేలుతూ ఉండే గది అది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా తుమ్ముతూనే ఉంటారు. ఆ గదిలో ఎవరో కేకు అట్టపెట్టె మూత తీశారు. వెన్న, వెనీలా కలిసిన తీపి వాసన ఎండుమిరప ఘాటును తోసుకుంటూ నా బల్ల దాకా వచ్చింది. చేతిలోని గాజుపాత్రను పక్కన పెట్టాను. రాజ్యలక్ష్మి పిన్నిగారి గురించి రాయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆవిడను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి, నాకు తెలిసినదాన్నీ నేను విన్నదాన్నీ ముందే వేరు చేయాలి. ప్రత్తిపాడులో మా పక్క ఇల్లు ఆవిడది. చుట్టరికం లేదు, పిలుపుకే పిన్ని. మొదటి కేకును ఇసుక పోసిన పాత కుక్కరులో కాల్చారన్నది నిశ్చయం. అడుగు నల్లబడిన ఆ కుక్కరును నేను చూశాను. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నానని ఆవిడే చెప్పారు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. బొంబాయిలో ఏదో బేకరీలో పనిచేసి వచ్చారన్నది మాత్రం వట్టి వదంతి. ఆవిడ విజయవాడ దాటి ఎరగరని భర్త సాంబయ్య బాబాయే చెప్పారు. ఇక ఒక చంటిబిడ్డ మొదటి పుట్టినరోజుకు ఆవిడ చేసిన మూడంతస్తుల కేకు దిష్టి తగిలి కూలిందని ఊరంతా అంటుంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం, షామియానా కింద గాలి లేదు. పై అంతస్తు ముందు ఒరిగింది, తరువాత క్రీముతో సహా జారింది. నేను చూసింది అంతవరకే. దానికి దిష్టి అక్కర్లేదు, ఎండ చాలు.

ఎవరో దాన్ని ఫోనులో తీశారు. సాయంత్రానికల్లా అది ఊళ్ళో ప్రతి చేతిలోనూ ఉంది. ఆ తరువాత రెండేళ్ళపాటు ఆవిడ పేరు ముందు 'కూలిన కేకు' అన్న మాట చేరింది. బడిపిల్లలకు కప్పు కేకులు, పేరంటాలకు బిస్కెట్లు అడిగేవారు గానీ, పదిమంది చూసే వేడుకకు మళ్ళీ ఎవరూ కేకు చేయించుకోలేదు. నిండు పందిట్లో ఒక్క పెద్ద కేకు చివరిదాకా నిలబెట్టి, ఆ మాటను తుడిచేయాలన్నది అప్పట్లో ఆవిడకు ఉన్న ఒకే కోరిక. ఇది నేను ఊహించినది కాదు. పిండి జల్లిస్తూ ఆవిడ నాతో అన్న మాట.

నేను ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న రోజులవి. పొద్దుపోక ఆవిడ వంటింటికి వెళ్ళేదాన్ని. నిజం చెప్పాలంటే తప్పులు దిద్దడానికి వెళ్ళాను. పెరుగులోని ఆమ్లం వంటసోడాతో కలిస్తే ఏ వాయువు పుడుతుందో, కేకు ఎందుకు పొంగుతుందో మొదటిరోజే ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని, ఆ వాయువు పేరు తనకు తెలియదనీ, కలిపిన పిండిని వెంటనే పొయ్యి మీద పెట్టకపోతే అది పారిపోతుందని మాత్రం తెలుసనీ అన్నారు. నా ఉపన్యాసంలో ఆ సంగతి లేదు.

పిండిని ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలని ఆవిడ గట్టిగా నమ్మేవారు. అటూ ఇటూ తిప్పితే కేకు గట్టిపడుతుందట. ఆధారమేమిటని అడిగాను. అందరూ అలాగే అంటారన్నారు. అది ఆధారం కాదన్నాను. కోపం తెచ్చుకుంటారనుకున్నాను, కానీ ఆవిడ రెండు గిన్నెలు ముందుకు లాగి, ఒకదాన్ని ఒకే వైపు, రెండోదాన్ని రెండు వైపులా, అన్నే తిప్పులు తిప్పారు. ఏది ఏదో చెప్పకుండా వీధిలో ఆరుగురికి తినిపించాం. ఎవరూ తేడా చెప్పలేకపోయారు. ఆవిడ కొంచెంసేపు తన కుడిచేతి మణికట్టు నిమురుకున్నారు.

"ఇన్నేళ్ళూ ఊరికే నొప్పెట్టుకున్నానన్నమాట" అన్నారు. మరునాటి నుంచి ఆ నియమం ఆ ఇంట్లో లేదు. పెద్ద చదువులు చదివిన నా అధ్యాపకుల్లో కూడా తమ నమ్మకాన్ని అంత సునాయాసంగా వదులుకున్నవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆవిడకు మరో పద్ధతి ఉండేది. ఏ కేకు చేసినా అదే పిండిలోంచి ఒక చిన్న కప్పు కేకు వేరుగా కాల్చి, అదే క్రీము పూసేవారు. దాన్ని 'సాక్షి' అనేవారు. పెద్ద కేకు ఎక్కడుంటే సాక్షి దాని పక్కనే ఉండాలి. అదే పెట్టెలో, అదే బండిలో, అదే ఎండలో. కేకు చేరవలసిన చోటు చేరగానే మొదట సాక్షిని తినాలి. ఇంటికి తీసుకెళ్ళే కేకును ముందే కోసి చూడలేం కదా అన్నది ఆవిడ వాదం. ఇది ఆవిడ ఎక్కడా చదివినది కాదు. కూలిన కేకు తరువాత తనకు తోచినది. నేను మొదట నవ్వాను. నవ్వాక, ఐదేళ్ళు చదువుకుని నేను ఏ ప్రయోగంలోనూ అంత శుభ్రంగా పోలిక నమూనా పెట్టలేదని గుర్తొచ్చింది.

ఆ వేసవంతా ఎండకు నిలిచే క్రీము కోసం పనిచేశాం. నాలుగు పాళ్ళలో వెన్న, వనస్పతి కలిపి నాలుగు కప్పు కేకుల మీద పూసి, మిట్టమధ్యాహ్నం వసారాలో పెట్టి, గోడగడియారం చూస్తూ కూర్చునేవాళ్ళం. ఏది ముందు కారితే దాన్ని కొట్టేసేవాళ్ళం. సగం సగం కలిపినది చివరకు గెలిచింది. రుచిలో కొంత నష్టపోయిందని నేను అన్నాను. ఆవిడ ఒప్పుకుని, ఆ లోటు పూడ్చడానికి యాలకుల పొడి చేర్చారు.

ఆ తరువాత ఒక పేరంటానికి ఆవిడ చీర అంచుల్లాంటి గీతలు వేసి చేసిన బిస్కెట్లు మంగళగిరికి చెందిన అరుణగారి కంట పడ్డాయి. వాళ్ళది చేనేత కుటుంబం. గుంటూరులో కల్యాణమండపంలో కూతురి ఓణీల వేడుక పెట్టుకున్నారు. ఆ పిల్ల కట్టుకోబోయే చీరను తాతగారే స్వయంగా నేశారు. చూపు తగ్గుతున్నందువల్ల ఇక మగ్గం ఎక్కనని చెప్పారట. చిన్న చిన్న గోపురాలు వరసగా ఉండే ఆ చీర అంచును మూడంతస్తుల కేకు చుట్టూ వేసి ఇవ్వగలరా అని అరుణగారు అడిగారు. కూలిన కేకు సంగతి అరుణగారికి తెలియదు. పిన్నిగారు తానే చెప్పేశారు. వీడియో కూడా చూపించారు. అరుణగారు చూసి, ఈసారి ఎలా నిలబెడతారని మాత్రం అడిగారు. పిన్నిగారు సాక్షి గురించి చెప్పారు. పని దక్కింది.

చీర అంచు ముక్కను పది రోజులు ఎదురుగా పెట్టుకుని, కాగితపు గొట్టంలో క్రీము నింపి, బోర్లించిన పళ్ళెం మీద ఆవిడ ఆ గోపురాలు వేస్తూనే ఉన్నారు. వేయడం, గీకేయడం, మళ్ళీ వేయడం. శుభకార్యం కాబట్టి గుడ్డు లేకుండా పెరుగుతో మూడు కేకులూ కాల్చి, వేడుకకు ముందురోజు మధ్యాహ్నానికి అలంకరణ పూర్తి చేశారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మూడంతస్తుల కేకు పట్టే ఫ్రిజ్ ఆ ఇంట్లో లేదు. ఉన్నదానికి కరెంటు నమ్మకం లేదు. సాంబయ్య బాబాయి గుంటూరు శివార్లలో ఒక మిర్చి శీతల గిడ్డంగిలో గుమాస్తా. చల్లటి గది అంత పెద్దది ఉండగా దిగులెందుకని ఆయన అన్నారు. పిన్నిగారు నా వైపు చూశారు.

"ఘాటు పట్టదా, సుధా?"

నేను సందేహించలేదు. మిరపలో కారాన్నిచ్చే పదార్థం ఆ చలిలో ఆవిరి కాదని చెప్పాను. అంతటితో ఆగలేదు. పెట్టె మూత బిగిస్తే చెమ్మ చేరి క్రీము మీద నీటిబొట్లు పడతాయి కాబట్టి ఒక మూల తెరిచి ఉంచమని సలహా కూడా ఇచ్చాను. సాయంత్రం కేకునూ, దాని పక్కనే సాక్షినీ గిడ్డంగిలో పెట్టి వచ్చాం.

తెల్లవారాక వ్యానులో కేకును మండపానికి చేర్చేసరికి ఏడు దాటింది. చూడటానికి ఎక్కడా చెక్కు చెదరలేదు. పదకొండింటికి వేడుక. పిన్నిగారు సాక్షిని మూడు ముక్కలు చేసి తనొకటి, నాకొకటి, బాబాయికొకటి ఇచ్చారు. నోట్లో మొదట యాలకులే తెలిశాయి. మింగాక, గొంతులో సన్నగా మొదలై నాలిక మీదికి పాకింది.

"మండుతోందమ్మా" అన్నారు పిన్నిగారు, నెమ్మదిగా.

బాబాయి కొట్టిపారేశారు. "గుంటూరోళ్ళకి ఈ మాత్రం కారం తెలిసిద్దా? ఇంకాస్త ఉంటే బాగుండేదంటారు."

నేను కూడా వాదించాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చిన్న కప్పు మీద కారం పడ్డంత మాత్రాన పెద్ద కేకు మీద పడినట్టు రుజువు కాదన్నాను. పెట్టె తెరిచిన మూలకు సాక్షి దగ్గరగా ఉందన్నాను. నేను కాపాడుతున్నది కేకును కాదు, నిన్నటి నా మాటను.

పిన్నిగారు నన్ను తిట్టలేదు. "పెద్దదాన్ని కోసి చూడలేం. చూడలేనిదాన్ని బాగుందనుకుని ఆ పిల్ల నోట్లో పెట్టమంటావా?" అని, సమాధానం కోసం ఆగకుండా గరిటె తీసుకుని పది రోజుల సాధనతో వేసిన ఆ అంచును పై నుంచి కిందికి గీకేశారు.

ఆ తరువాతి మూడున్నర గంటలు నా జ్ఞాపకంలో ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. బాబాయి వెన్న, వనస్పతి, పంచదార పొడి కోసం బజారుకు పరుగెత్తారు. మండపం వంటవాళ్ళు బూరెల మూకుడు జరిపి మాకు ఒక బల్ల ఇచ్చారు. ఐసుగడ్డల తొట్టి కూడా ఇచ్చారు. వాళ్ళ మేస్త్రి, తీపి వంటకు కారం పెట్టినవాళ్ళను తన సర్వీసులో చూడలేదని మమ్మల్ని ఆటపట్టించి, ఆ వెంటనే తన మనుషుల్లో ఇద్దరిని క్రీము గిలక్కొట్టడానికి పంపాడు. నేను కేకుల పైపొరను పలుచగా కోసి తీసేశాను. కాగితపు గొట్టం పట్టుకున్నాక పిన్నిగారు చీర ముక్క వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పళ్ళెం మీద వేసి గీకేసిన గోపురాలన్నీ ఆవిడ వేళ్ళలోనే ఉన్నాయి. రెండోసారి వేసిన అంచు మొదటిదానికన్నా తిన్నగా వచ్చిందని నేను అంటే అభిమానమనుకోవచ్చు. రెండింటి ఫొటోలూ నా దగ్గర ఉన్నాయి, స్కేలు పెట్టి కొలిచాను.

పదకొండుకు పది నిమిషాలు ఉండగా కేకును వేదిక మీద పెట్టాం. పిల్ల చీర కట్టుకుని వచ్చింది. చీర అంచూ, కేకు అంచూ పక్కపక్కన నిలబడ్డాయి. తాతగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, కేకుకు మూరెడు దూరంలో వంగి, చూపుడువేలు గాలిలో కదుపుతూ గోపురాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒక చుట్టు పూర్తిగా తిరిగారు. సన్నాయి ఆగింది.

ఆయన నిటారుగా లేచి, "ఇది నేసిందెవరమ్మా?" అని అడిగారు.

పిన్నిగారు చెయ్యి కొంచెం ఎత్తారు. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు తిప్పి తిప్పి చూశారు. "మా ఇంట్లో పుట్టి ఉంటే మగ్గం నీకే ఇచ్చుండేవాణ్ణి" అన్నారు.

కేకు మధ్యాహ్నం రెండు దాకా నిలబడింది. చివరి ముక్క కోసేదాకా అంటే ఇంకా సరిగా ఉంటుంది. ఈసారి కూడా ఎవరో ఫోనులో తీశారు. మేము ప్రత్తిపాడు చేరేసరికి అది మాకన్నా ముందే చేరి, వీధి మొదట్లోనే నలుగురు ఆడవాళ్ళు ఆవిడను ఆపి తమ ఇళ్ళలో జరగబోయే వేడుకల తేదీలు చెప్పడం మొదలుపెట్టారు. 'కూలిన కేకు' అన్న మాట ఆ తరువాత ఆ ఊళ్ళో నేను వినలేదు. ఇప్పుడు ఆవిడ వసారాలో వారానికి మూడు రోజులు పదిమంది ఆడవాళ్ళు నేర్చుకుంటున్నారు.

తరువాత బాబాయి విచారిస్తే, ఆ సాయంత్రం మేము వచ్చేశాక అదే గదిలో మిర్చి టిక్కీలను, అంటే కుక్కిన బస్తాలను, ఒక వరస నుంచి మరో వరసకు మార్చారని తెలిసింది. బస్తాలు కదిపితే పొడి లేస్తుంది. కారం ఆవిరి కాదని నేను చెప్పినది ఈనాటికీ నిజమే. పొడి ఎగురుతుందా, బస్తాలు కదుపుతారా అని నేను అడగలేదు. తెలిసినదాన్ని చెప్పిన ధైర్యంతో తెలియనిదాన్ని కూడా చెప్పేశాను.

ఇప్పుడు నా పని మిర్చి నమూనాలను పరీక్షించి, అందులో ఏముందో ఏం లేదో కాగితం మీద పెట్టి సంతకం చేయడం. పరీక్షించని అంశం ఎదుట 'లేదు' అని రాయమని ఒత్తిడి వస్తూ ఉంటుంది. నేను 'చూడలేదు' అని రాస్తాను. పై అధికారులు ఒకరిద్దరు దాన్ని మొండితనమన్నారు. ఆ గరిటె కేకు మీద పై నుంచి కిందికి దిగడం వాళ్ళు చూడలేదు.

ఒక్క ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. పెద్ద కేకు మీది క్రీములో నిజంగా కారం ఉందా? గీకిన క్రీమంతా నా చేతులతోనే బకెట్లో వేశాను. తొందరలో ఒక్క చెంచాడు దాచలేదు. రుచి చూద్దామన్నా, సాక్షిని తిన్న మా ముగ్గురి నాలుకలూ అప్పటికే మండుతున్నాయి. ఆ నాలుకలు చెప్పేది సాక్ష్యం కాదు. వంటవాళ్ళను అడగవచ్చని నాకు తోచేలోపే బకెట్ కడిగేశారు. పోయిన నెల పిన్నిగారిని కలిసినప్పుడు, మనం ఆ రోజు పడిన పాట్లన్నీ అవసరమేనా అని అడిగాను. ఆవిడ గొట్టం నొక్కుతూనే, నీ కాగితంలో ఏం రాస్తావో అదే రాసుకోమన్నారు.

చూడలేదు.