కోహెడ మామ కారు

మా మేనమామ కారు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే బాపు అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

నాకు నాలుగేళ్లప్పుడు బాపు భివండీలో మగ్గాల మీద పనిచేస్తున్నాడు. రెండో కానుపుకని మా అమ్మ, అంటే మా అవ్వ, కోహెడలో పుట్టింటికి వెళ్లింది. మామ ఆమెకు తమ్ముడు, మీసాలు కూడా సరిగ్గా రాని వయసు. బాపుకు ఉత్తరంతో పాటు ఒక ఫోటో పంపాడు. నల్లద్దాలు పెట్టుకుని, కారు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి దర్జాగా ఉన్నాడు. “అక్క కానుపుకు రంది పెట్టుకోకు బావా, కారున్నది” అని రాశాడు.

నొప్పులు మొదలయ్యాక అవ్వను ఎడ్లబండి మీద సిద్దిపేట దవాఖానకు బయలుదేరదీశారు. దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. బాపు వచ్చి “కారేదిరా?” అని అడిగితే మామ తల దించుకున్నాడే తప్ప నోరు విప్పలేదట. చెప్పబోయినవాళ్ల మాట బాపు చెవిన వేసుకోలేదు. ఆ రోజు నుంచి కోహెడ గడప తొక్కలేదు, ఆ ఇంటివాళ్లను మా గడప తొక్కనివ్వలేదు. నేనూ ఆ కోపంతోనే పెరిగాను. ఇంట్లో కారు పెట్టుకుని అక్కను బండి మీద చంపుకున్నవాడు నాకేం మామ?

పోయిన ఎండాకాలంలో మామ కొడుకు సిద్దిపేటలో నా జాకెట్ గుడ్డల దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. మామకు పక్షవాతం వచ్చిందట, ఇక్కడే దవాఖానలో ఉన్నాడట.

“మీ బాపును ఒక్కపారి తోల్కరమ్మంటుండు నాయిన. ఇయ్యాల రేపు అంటున్రు వదినా డాక్టర్లు” అన్నాడు.

మా ఊరు వేములఘాట్ మల్లన్నసాగర్ జలాశయంలో మునిగినప్పటి నుంచి బాపు నా దగ్గరే ఉంటున్నాడు. సంగతి చెబితే పెట్టెలోంచి ఆ ఫోటో తీసి నా చేతిలో పెట్టాడు.

“గిది ఏం కారో, గా దినం ఏడ దాచిండో ఎర్కజేస్కొని రా. గప్పుడొస్త.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి. మంచం మీద మనిషి ప్రాణం పోతుంటే ఈ పంతమేమిటని నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. కారు పేరు తెలిస్తే మామ మొహం మీదే అడిగేద్దామనుకున్నాను.

మా వీధి చివర షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. పాత కార్లన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“మొకమేమో అంబాసిడర్‌ది, తోకేమో ఫియట్‌ది. గిసొంటి బండిని నేనైతే సూడలే.”

అంతలో మామ కొడుకు ఫోన్. “వదినా, బయిలెల్లిన్రా?” నేను జవాబు చెప్పకుండానే పెట్టేశాను.

“జల్ది చెప్పు కాకా, టైం లేదు” అన్నాను.

ఆయన ఫోటో అడుగున పట్టిన బూజును గుడ్డతో మెల్లగా తుడిచి, భూతద్దం నా చేతికిచ్చాడు.

“కింద సూడు బిడ్డా.”

కారు కింద సందులో రెండు కాళ్లున్నాయి. చెప్పులేసుకుని నేల మీద నిలబడి ఉన్నాయి.

“కార్ల కూసున్నోని కాళ్లు భూమ్మీద ఎట్లుంటయ్? గిది రంగులేసిన చెక్క. కొమురవెల్లి జాతరల ఫోటోలోల్లు పెడుతుండిరి. దానెన్క నిలబడి మేం గూడ దిగినం” అని ఆయన పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అక్కడే పాత టైరు మీద కూలబడ్డాను. కారే లేనప్పుడు మామ తప్పేముంది? ఇన్నేళ్లుగా నేను తిట్టింది ఎవరిని? ఈ మాట వింటే బాపు కరిగిపోతాడనుకుని పరుగున ఇంటికి పోయాను.

విన్నాక బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు.

“కారే లేకుండెనా?” అన్నాడు. “గా కారును నమ్మే నేను రైలెక్కలే బిడ్డా. సేటు సెలవిస్తనన్నడు. కారున్నది గద, ఇంకో నెల జేస్తనన్న.”

కారు ఇవ్వలేదన్న తప్పును చెరపబోయి అంతకన్నా పెద్ద తప్పును మామ నెత్తిన పెట్టానని అప్పుడర్థమైంది. బాపు చెప్పులేసుకున్నాడు. “నడువు” అన్నాడు. నాకు భయమేసింది. ఇద్దరం ఆటో ఎక్కాం.

“పానం బాగలేని మనిషి బాపు, ఏమనకు” అన్నాను.

ఊహ తెలిశాక మామను మొదటిసారి ఆ వార్డులోనే చూశాను. మూతి ఒక పక్కకు పోయింది. అవ్వ ఫోటో మాకు ఒక్కటీ లేదు, ఆమె ముక్కు ఇలాగే ఉండేదేమో అనిపించింది. బాపును చూడగానే పడిపోని చేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. బాపు ఏం చేస్తాడోనని నేను మధ్యకు జరిగాను.

“బావా… కారు… లేకుండె” అన్నాడు మామ.

బాపు నన్ను పక్కకు జరిపి, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. మామ చెయ్యి పట్టుకుని అన్నాడు.

“నేను గూడ లేకుంటి గదరా.”