పైకి చెప్పే కొలత

బట్టలు కుట్టే టేపు మాస్టారికి ఒకటే పిచ్చి. మనిషి కంటబడితే చాలు, నడుం కొలవాలి. "బాగున్నారా మాస్టారూ" అని అడిగినవాడు జవాబు వినేలోపే ఆయన మెడలోని టేపు వాడి నడుం చుట్టూ తిరిగేసేది. ఉత్తరాలిచ్చే పోస్టుమాన్‌ని కొలిచారు. కుళాయి బాగుచేయడానికి వంగినవాణ్ణి వంగినట్టే కొలిచారు. వీధిలో చాలామందికి తమ వయసు సరిగ్గా తెలీదుగానీ, నడుం మాత్రం తెలుసు.

అందరికంటే ఎక్కువ కొలతలు పడింది పక్క కొట్టు బన్ను బాబాయికి. బేకరీ ఆయనది. నలభై ఏళ్ల స్నేహం. పొద్దున్నే పొయ్యిలోంచి దింపిన మొదటి బన్ను రుచి చూసి, అనుమానం తీరక రెండోదీ రుచి చూసి, మూడోది మాస్టారికి పట్టుకెళ్లే మనిషి. అలాంటివాడి నడుం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మాస్టారిది మాత్రం ఏటా ఒకటే మాట.

"ముప్ఫై నాలుగు."

"ఏం పెరగలేదంటావా?"

"నువ్వెక్కడ పెరుగుతావురా? గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటేనూ!"

బాబాయి పొట్ట నిమురుకుంటూ ఇంటికెళ్లి, ఈ మాట పొల్లుపోకుండా భార్యకి అప్పజెప్పేవాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, తన పనిలో పడేది.

అల్జీమర్స్ వచ్చాక మాస్టారు ఒక్కొక్కటే మరిచిపోసాగారు. చొక్కా గుండీలు వీపు వైపు కుట్టారు. కత్తెర పంచదార డబ్బాలో దాచారు. టేపు మాత్రం మరవలేదు. పైగా, కొలిచిన సంగతి గుర్తుండదు కనుక బాబాయిని ఒకే మధ్యాహ్నం నాలుగుసార్లు కొలిచేవారు.

"ఈ వీధికి కొత్తా మీరు?"

"నలభై ఏళ్లైందిరా, నీ మొహం!"

"అలాగా! ముప్ఫై నాలుగు."

జ్ఞాపకశక్తి చూద్దామని డాక్టరు ఇంటికొచ్చాడు. "ఇవాళ ఏ వారమండీ?" అని అడిగాడు.

"వారం ఎక్కడికీ పోదు. మీ ఎడమ భుజం అరంగుళం దిగింది. ఈ కోటు కుట్టిన మహానుభావుడెవరు?"

ఆపైన "నడుం ముప్ఫై రెండు" అనేసరికి ఆ భారీ డాక్టరు ఉబ్బితబ్బిబ్బైపోయి, మందులు రాయకుండానే మెట్లు దిగాడు. వెనక్కి పిలిచి రాయించుకోవాల్సొచ్చింది.

చివరికి కొట్టు మూసేశారు. ఆ నెల్లోనే బాబాయి ప్యాంటు పిగిలింది. గత్యంతరంలేక ఇంకో టైలరు దగ్గరికెళ్లాడు.

"నలభై రెండు" అన్నాడు టైలరు.

బాబాయి ఇంతెత్తున లేచాడు. "నీ టేపు చెడిపోయిందేమో చూసుకోవయ్యా!"

"టేపు బాగానే ఉంది సార్."

మొహం మాడ్చుకుని తిన్నగా మాస్టారింటికొచ్చాడు. మాస్టారి భార్య నవ్వాపుకుంటూ కొలతల పుస్తకం తెచ్చింది. ప్రతి పేరు కిందా రెండు గడులున్నాయి. ఒకటి 'చెప్పేది', రెండోది 'కుట్టేది'. బాబాయి పేజీలో చెప్పేది మొదట్నుంచీ ముప్ఫై నాలుగే. కుట్టేది మాత్రం ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది అంటూ నలభై రెండుదాకా ఎక్కింది.

"ఇదెక్కడి చోద్యమమ్మా?"

"నేనూ అడిగానన్నయ్యగారూ. 'నా కొట్లోకొచ్చినవాడు దిగాలుగా బయటికి పోకూడదే' అన్నారు. పొట్టివాళ్లకి ఎత్తు కూడా కలుపుతారు."

బాబాయికి కోపం రావాలి. రాలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

అంతలో ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "మీతో ఓ పని పడింది. ఈయన బాగా చిక్కిపోయారు. ప్యాంటు జారి, కాళ్లకి అడ్డంపడి, నిన్న మెట్ల మీద పడబోయారు. పడితే ఎముక విరుగుతుందని డాక్టరు భయపెట్టాడు. బెల్టు పెడితే విప్పడం తెలీట్లేదు. అంచనాకి కుట్టిస్తే అదీ జారింది. కొలుద్దామని ఎవరు వెళ్లినా, 'నన్ను కొలిచే మొనగాడెవడ్రా' అని గుడ్లురుముతున్నారు."

బాబాయి టేపు తీసుకుని లోపలికెళ్లాడు. మాస్టారు కిటికీ దగ్గర, జారే ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎవరు మీరు?"

బాబాయి చేతులు కట్టుకుని, "బేకరీలో పనిచేస్తానండీ. కొలతలు నేర్చుకుందామని వచ్చాను" అన్నాడు.

గుడ్లురుముతారనుకున్న మనిషి మొహం విప్పారింది. "బన్నులు చేసే చేతులకి టేపు లొంగుతుందిటోయ్? సరే, భయపడకు. నా మీదే నేర్చుకో" అంటూ రెండు చేతులూ పైకెత్తారు.

బాబాయి టేపు చుట్టాడు. ఇరవై ఎనిమిది. మళ్లీ చూశాడు. ఇరవై ఎనిమిదే.

"ముప్ఫై రెండు" అన్నాడు. "కాస్త ఒళ్లు చేశారు మాస్టారూ."

మాస్టారు వేలితో టేపు తడిమి చూసుకున్నారు. కుర్రాడు పనికొస్తాడన్నట్టు తలూపారు. బాబాయి చెవి దగ్గరికి వంగారు.

"చెప్పడం బాగానే చెప్పావు. పుస్తకంలో మాత్రం ఇరవై ఎనిమిదే రాయి. లేకపోతే పాపం, ఆయన ప్యాంటు జారిపోతుంది."