మామయ్య చెప్పని తలనొప్పి

నా చిన్నప్పుడు మామయ్య ఫోటోకు దండ పడ్డాక కూడా మా అమ్మమ్మకు ఒక బాధ తీరలేదు. మామయ్య మిలటరీలో, పెద్ద మంచుకొండల మీద చనిపోయాడు. తుపాకీ దెబ్బ తగల్లేదు. పైకి వెళ్ళాక ఊపిరాడక పోయాడని చెప్పారు.

మామయ్య సరూర్‌నగర్ చెరువు కట్ట మీద రోజూ పరుగెత్తే మనిషి. అందుకే వీధిలో ఎవరూ నమ్మలేదు. కిరాణా కొట్టు తాత అయితే అమ్మమ్మ ముందరే అన్నాడు, "గంత పైల్వాన్ లెక్క ఉండె, జర చలికే పాయెనా?" అని. ఆ రోజు నుంచి అమ్మమ్మ కొట్టుకు పోవడం మానేసింది. నా కొడుకుకు ఏం తక్కువ చేసి పెంచానని తనలో తానే అనుకునేది.

కొన్నాళ్ళకు మామయ్యతో పనిచేసిన దోస్తు సెలవు మీద వచ్చి, అమ్మమ్మను చూడటానికి మా ఇంటికొచ్చాడు. వాళ్ళది మన్సూరాబాద్. ఆ మంచుకొండల ఎత్తులో గాలి పలచగా ఉంటుందని ఆయన చెప్పాడు. గాలి పలచన అంటే ఏందని అమ్మమ్మ అడిగింది. ఆయన పెరట్లోకి పోయి సన్న గొట్టంలా ఉండే బొప్పాయి ఆకు కాడ ఒకటి విరిచి, నా చేతికిచ్చాడు.

"పాపా, ముక్కు మూసుకో. దీన్ని నోట్ల పెట్టుకొని, దీంతోనే గాలి పీల్చుకుంట మిద్దె ఎక్కు. కష్టమైతే తీసెయ్."

నేను ఎక్కడం మొదలుపెట్టాను. కింద మా అన్నలు, "సగం మెట్లకే కూసుంటది సూడుర్రి!" అని నవ్వుతున్నారు. నాలుగు మెట్లు ఎక్కేసరికి గుండె దడదడలాడింది. ఇంకాస్త పైకి పోయేసరికి కళ్ళు మసకబారాయి. అయినా కాడ వదల్లేదు. ఆయనే పరుగున వచ్చి నా నోట్లోంచి లాగేశాడు.

"తీసెయ్‌మన్న గద బిడ్డా, ఎందుకు తియ్యలే?"

"అన్నలు నవ్వుతరని."

ఆయన ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.

"నీ కొడుకు గూడ గిట్లనే జేసిండమ్మా," అన్నాడు అమ్మమ్మతో. పైకి చేరిన రోజే మామయ్యకు తలనొప్పి మొదలైందట. అందరూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదట. సామాన్లు మోసే కంచర గాడిదలు ఊపిరి అందకపోతే ఉన్నచోటే నిలబడిపోతాయట, కొట్టినా కదలవట. మామయ్య మాత్రం ఆగకుండా మూటలు మోశాడు. దగ్గులో నురగ పడ్డాకే అందరికీ తెలిసింది. వెంటనే కిందికి దించాలి. కానీ అంత ఎత్తులో హెలికాప్టర్ రెక్కలకు కూడా గాలి పట్టు చిక్కదట. బరువంతా తగ్గించుకుని, వాతావరణం చూసుకుని అది వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

"ముందుగాల ఒక్క మాట జెప్తే దించుతుంటిమి," అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మమ్మ ఏడవలేదు. "నేనే నేర్పిన," అంది. "దెబ్బ తాకి ఏడిస్తే, మొగపిలగానివి గట్టిగుండాలె అంటుంటి." తర్వాత నన్ను ఒళ్ళోకి లాక్కుని, నా ఊపిరి కుదుటపడేదాకా వీపు నిమిరింది. "నీకైతే గట్ల చెప్ప బిడ్డా. చాతగాకుంటే చెప్పు. ఎవలు నవ్వినా చెప్పు," అంది.

ఇప్పుడు ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే నాకు ఆయాసం వస్తుంది. పక్కకు జరిగి నిలబడి, "నాతోని అయితలేదు, జర ఆగుత," అని పైకే అంటాను. వెనక వచ్చేవాళ్ళు కొందరు విసుక్కుంటారు, కొందరు నవ్వుతారు. నాకు సిగ్గనిపించదు. ఇంత చిన్న మాట మామయ్య నోట రాలేదే అని మాత్రం దిగులేస్తుంది.