తడి మొదలైన చోటు చూసిన దేవదానం

దేవదానం గారు కన్నుమూశారన్న వార్త ఆదివారం మధ్యాహ్నం నాకు చెప్పింది ఎదురు హోటల్లో టీ కాచే మనిషి. నేను నమ్మలేదు. పైగా అతని మీద కేకలేశాను. పొద్దున్నే తెల్ల చొక్కా తొడుక్కుని, భార్య సువార్తమ్మతో చర్చికి వెళుతూ నాకు చెయ్యి ఊపిన మనిషి మధ్యాహ్నానికల్లా దివంగతుడెలా అవుతాడు? ప్రార్థన నుంచి తిరిగివచ్చి, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారట. గ్లాసు తెచ్చేలోగా ప్రాణం పోయిందట.

చోడవరంలో మాడుగుల వెళ్ళే రోడ్డు మీద ఆయన మోటారు సైకిళ్ళ షెడ్డు, దాన్నానుకుని నా స్పేర్ పార్టుల షాపు. మా మధ్య ఉన్నది ఒక్క గోడ. ఇద్దరం మీసాలు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, తెల్లబడేదాకా ఆ గోడకు చెరోపక్కా బతికాం. ఆత్మీయుడు కాబట్టి అతిశయోక్తులు రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఆ చేతుల పని కళ్ళారా చూసినవాణ్ణి నేను. చూడనివాళ్ళ అనుమానాలతో నాకు పనిలేదు.

చనిపోయినవాళ్ళందరినీ శాంతమూర్తులని రాయడం మనకు అలవాటు. దేవదానం గారు శాంతమూర్తి కారు. బండి కడగకుండా తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టేవారు. "బండి నీదా, అద్దెకి తెచ్చేవా? నీదైతే ఒళ్ళు తుడవ్వేటి?" అనేవారు. తిట్టించుకున్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. కొత్త బండ్లు షోరూములకు పోతే, నాలుగు చేతులు మారిన పాత బండ్లు దేవరాపల్లి నుంచీ కె.కోటపాడు నుంచీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవి. ముఖ్యంగా పెట్రోలు కారే బండ్లు. కార్బురేటరు కారడాన్ని పట్టుకోవడంలో ఆయనది ఒక విద్య కాదు, ఒక ఉపాసన.

ఎవరడిగినా ఓపిగ్గా చెప్పేది ఆ ఒక్క విషయమే. "కార్బురేటరంటే ఏటనుకున్నారు? మీ మేడ మీద నీళ్ళ ట్యాంకులాటిదే. గిన్నెలోకి పెట్రోలు దిగుతాది, ఫ్లోటు పైకి తేల్తాది, నీడిలని సూదిలాటి మూతుంటాది, దాన్ని నొక్కి దారి మూసెస్తాది. మూసుకోలేదంటే కారిపోతాది. తడిసిన చోట సూడకండి, తడి మొదలెట్టిన చోట సూడండి." ఈ చివరి మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ విసుక్కున్నాను. ఇప్పుడు ఎవరైనా ఆ గొంతుతో ఆ మాట అంటే చేతులెత్తి మొక్కుతాను.

ఆ ఉపాసనలో ఆయనకు మొదటి సాధనం ముక్కు. బండి వచ్చి ఆగగానే కళ్ళు మూసుకుని ఒకసారి గాలి పీల్చేవారు. తాజా పెట్రోలు వాసన వేరు, ట్యాంకులో మగ్గిపోయిన పెట్రోలు వాసన వేరు, వేడి ఇంజను మీద పడి ఆవిరయ్యే పెట్రోలు వాసన వేరు. ఆ తేడాలు ఆయనకు రాగాల్లా తెలిసేవి. అలాంటి మనిషికి, ఊళ్ళన్నీ తలుపులు మూసుకున్న ఆ జ్వరాల కాలంలో, ఘ్రాణశక్తి సమూలంగా పోయింది. ఆస్పత్రి నుంచి బతికి బయటపడ్డారు గానీ ముక్కు మాత్రం పలకలేదు. అదే జ్వరం నా భార్యను తీసుకుపోయింది. రోజూ షాపు తెరిచేవాణ్ణి, అంతే. కౌంటరు వెనక కుర్చీలో కూలబడితే చీకటి పడేదాకా లేచేవాణ్ణి కాదు. ఎవరైనా పార్టు అడిగితే లేదనేసేవాణ్ణి.

ఒక రోజు ఆయన నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "నాయుడుగారూ, పెట్రోలుకీ నీళ్ళకీ నాకు తేడా తెలీడం లేదు. కారతన్న బండిని బాగయిందని సెప్పి పంపించేననుకోండి, ఆడు దారిలో తగలడిపోతే ఆ పాపం ఎవలిది? షెడ్డు మూసీమంటారా?" అన్నారు. ఆ దురుసు మనిషి ఒకరి సలహా అడగడం నేను వినడం అదే మొదలు.

ఆ మాటలు పూర్తికాకుండానే సింహాచలం వచ్చాడు. దేవరాపల్లి వైపు చెరకు పండించి, సొంతంగా బెల్లం వండే రైతు. పాత బండిని నడపడానికి భయపడి నెట్టుకుంటూ తెచ్చాడు. "బాబూ, దీన్ని బాగుసెయ్యండి, లేదంటే తూకానికి అమ్మీమని సెప్పండి. బెల్లం పొయ్యి కాడ ఆపితే, కింద చెరకు పిప్పి తడిసిపోయింది. నిప్పురవ్వ ఎగిరొచ్చి బగ్గుమంది. మా ఆడోళ్ళు మట్టి పోసి ఆర్పేరు గానీ, లేకపోతే పాకలో పిల్లలున్నారు" అన్నాడు. అప్పటికే వేరే మెకానిక్కుల దగ్గర గిన్నె ప్యాకింగు మార్పించాడు, కొత్త నీడిలు వేయించాడు, పైపు మార్పించాడు. అయినా కారడం ఆగలేదు.

దేవదానం గారు నా వైపు చూశారు. "ఇది దొరక్కపోతే షట్టరు దించీస్తాను" అన్నారు, చాలా మామూలుగా. ఆ మాటతో నేను కుర్చీలోంచి లేచాను. ఆయన వెనకే షెడ్డులోకి నడిచాను.

కార్బురేటరును ఆరబెట్టి పొడిగుడ్డతో తుడిచారు. తరువాత సుద్దముక్క తీసుకుని ప్రతి అతుకు మీదా గీత గీశారు. పైపు దిగేచోట, గిన్నె అంచు చుట్టూ, అడుగున మర దగ్గర, పైన గాలి పీల్చే చిన్న రంధ్రం చుట్టూ. పెట్రోలు ట్యాపు తిప్పి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. ఏ యోగీ అంత నిశ్చలంగా కూర్చోగలడని నేననుకోను. సింహాచలం కదిలితే చేత్తో ఆపారు. కాసేపటికి, అడుగున కాదు, పైన గాలి రంధ్రం దగ్గర తెల్లగీత నల్లబడింది. అక్కణ్ణుంచి సన్నటి తడి జారి గిన్నె అంచుకు చేరింది. అంతకుముందు బాగుచేసినవాళ్ళంతా ఆ అంచు తడిని చూసి ప్యాకింగు మార్చుకుంటూ పోయారు. గిన్నె నిండి పొర్లుతోంది, లోపల నీడిలు మూసుకోవడం లేదు. వాసన పోయిన మనిషికి ఆ మసక గీత ఆ సంగతి చెప్పింది.

గిన్నె విప్పితే అడుగున నల్లటి రేణువులు. ట్యాంకు తుప్పని నేనన్నాను. అలాంటిదే ఒకటి నీడిలు కూర్చునే చోట ఇరుక్కుని ఉంది. ఆయన నా మాట వినిపించుకోలేదు. ఆ రేణువును వేడినీళ్ళ గ్లాసులో వేశారు. చూస్తూండగా అది గోధుమరంగు తీగ సాగి, కరిగి మాయమైంది. తుప్పు నీళ్ళలో కరగదు కదా.

"పెట్రోలు ఏటిలో తెస్తన్నావురా?" అని అడిగారు.

"మా ఊళ్ళో బంకు లేదు కదా బాబూ. పాకం బెల్లం పోసే క్యానులో తెచ్చుకుంటన్నాను. శుభ్రంగా కడిగేను."

"ఏటితో కడిగేవు?"

"పెట్రోలుతోటే బాబూ. నీళ్ళు తగిల్తే బండి పాడైపోద్దని మీరే కదా సెప్పేరు."

సింహాచలం చేసింది తెలివితక్కువ పని కాదు, అతిజాగ్రత్త. బెల్లం నీళ్ళకు కరుగుతుంది గానీ పెట్రోలుకు కరగదు. క్యాను గోడకు ఎండిన బెల్లం పెచ్చులూడి, ట్యాంకులోకీ అక్కణ్ణుంచి కార్బురేటరులోకీ చేరింది. ఎన్ని నీడిళ్ళు మార్చినా కొత్త రేణువు వచ్చి తలుపుకు అడ్డం పడుతూనే ఉంది. దేవదానం గారు ట్యాంకు ఊడదీసి, ఏ మెకానిక్కూ చెయ్యని పని చేశారు. అందులో వేడినీళ్ళు పోశారు. నేను వద్దని అరిచాను. "ఎండుంది కదండీ, ఆరిపోద్ది" అన్నారు. పానకంలాంటి నీళ్ళు బయటికొచ్చాయి. మధ్యాహ్నమంతా ట్యాంకూ కార్బురేటరూ ఎండలో ఆరాక, అన్నీ బిగించి, పెట్రోలు పోసి, కింద పొడి కాగితం పరిచారు. కాగితం తడవలేదు. సుద్దగీత చెరగలేదు.

అయినా బండి ఇవ్వలేదు. "నాయుడుగారూ, ఒకసారి వంగి వాసన సూడండి" అన్నారు. నేను వంగి చూసి, ఏమీ లేదన్నాను. అప్పుడు తాళం చేతికిచ్చారు. సింహాచలం ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, "ముందు ఆ క్యాను పారెయ్" అని కసిరారు. షట్టరు దించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి అది ఆచారమైపోయింది. పెట్రోలు కారే బండి ఏది బాగుచేసినా గోడ అవతలి నుంచి పిలుపు వచ్చేది. నేను లెక్కలు చూసుకుంటున్నా, అన్నం తింటున్నా, "నాయుడుగారూ, ముక్కు అట్టుకుని రండి" అనేవారు. ఊరి నడిరోడ్డు మీద బండ్ల కింద ముక్కు పెట్టి వాసన చూసే పెద్దమనిషినయ్యాను. తిట్టుకుంటూనే వెళ్ళేవాణ్ణి. వెళ్ళాక టీ వచ్చేది, కబుర్లు వచ్చేవి, వచ్చిన రైతుతో ఓ మాటా ఓ పరిహాసం. నా వల్ల ఆయన వృత్తి నిలబడిందని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. దాచడమెందుకు, ఆ గర్వంతోనే మళ్ళీ అన్నం సహించింది, మళ్ళీ పార్టులు తెప్పించాను.

భూస్థాపన అయిన మరునాడు పరామర్శకు వెళ్ళాను. సువార్తమ్మ నన్ను కూర్చోబెట్టింది. ఎవరో ఒకరు ఆయన ముక్కు సంగతి ఎత్తి, పాపం చివరిదాకా వాసన లేకుండానే పోయారని నిట్టూర్చారు. ఆమె నా వైపు తిరిగి చెప్పింది.

"లేదన్నయ్యగారూ. వాసన ఎప్పుడో తిరిగొచ్చీసింది. ఆ జ్వరం వచ్చిన యేడే వచ్చీసింది. కూర మాడితే ముందు ఆయనకే తెలిసేది. మరి నాయుడన్నయ్యతో సెప్పరేటండీ అంటే, సెప్తే ఆయన కుర్చీలోంచి లేవడే, అన్నారు."

బండిలో లోపం ఎక్కడ మొదలైందో కనిపెట్టడమే ఆయన విద్య అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆయన విద్య అంతకంటే చాలా పెద్దది. దేవదానం గారూ, మీ పాదాలకు నమస్కారం. మీలాంటి మనిషి మళ్ళీ ఈ రోడ్డు మీదికి రాడు. నిన్న షాపు తెరిచాను. మధ్యాహ్నమంతా కుర్చీలోనే ఉన్నాను. ఎవరూ పిలవలేదు.